ఉంగరం వేలి మధ్య గీత

వార్డెన్ గారి ఆఫీసు మెట్ల మీద కూర్చోవద్దనీ, కావాలంటే ఎదురుగా వేపచెట్టు కిందికి పొమ్మనీ అటెండర్ వీరస్వామి రెండుసార్లు చెప్పి లోపలికి పోయాడు. అమృతమ్మ రెండుసార్లూ విన్నది. విని, మూడో మెట్టు మీదే కొంగు సర్దుకుని కూర్చుంది. పదకొండు గంటలకు పిలుస్తామన్నారు, ఇప్పుడే పది కొట్టింది. ఇంకా గంట. పన్నెండేళ్ళుగా ఈ యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో ఈ వేళకి ఆమె మోచేతుల దాకా పిండిలో మునిగి ఉండేది. మూడు వందల మంది పిల్లల చపాతీలకి సరిపడా పిండి, పిసికే కొద్దీ మొండికేసే పిండి, ఎదురు తిరిగిన దాన్ని గుద్ది గుద్ది లొంగదీసుకునేది. ఆ వంటింటి గడప తొక్కి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. తొక్కి కాదు, తొక్కనివ్వక. సరిగ్గా అనాలి, లోపలికి పోయాక కూడా సరిగ్గానే అనాలి, నోరు తడబడకూడదు. వెనకనుంచి పోపు వాసన వస్తోంది. వెల్లుల్లి మాడింది. తోటి వంటమనిషి సమ్మక్కకి ఎప్పుడూ తొందరే, నూనె కాగకముందు ఆవాలు, కాగి పొగలొచ్చాక వెల్లుల్లి. పద్దెనిమిది రోజులుగా పిల్లలు ఈ మాడు వాసనే తింటున్నారన్నమాట. తిననీ. ఎడమచేతిలో డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం ఉంది. కుడిచెయ్యి ఒడిలో ఉంది, పెంచుకున్న పిల్లిలాగా, ఎప్పుడు గీరుతుందో తెలియకుండా. కాసేపు కదలకుండా ఉంచితే చాలు, బొటనవేలి కొసనుంచి చీమలు బయల్దేరతాయి. అదిగో, బయల్దేరాయి.

ఈ చీమలు మొదలైంది పోయిన చలికాలంలో. నిద్రలో చెయ్యి నిండా సూదులు గుచ్చినట్టై మెలకువ వచ్చేది. చేతి మీద పడుకున్నానేమో అనుకునేది. లేచి కూర్చుని, తడిచెయ్యి విదిలించినట్టు విదిలిస్తే కాసేపటికి నెమ్మదించేది. తర్వాత పగలు కూడా మొదలైంది. రవిక హుక్కులు పెట్టుకోవడం కష్టమైంది. కింద పడ్డ సూదిని కళ్ళతో చూస్తూ కూడా వేళ్ళతో ఎత్తలేకపోయేది. ఒకరోజు పప్పు గిన్నెలోకి గరిటె జారిపోయింది, ఇంకోరోజు పాల చెంబు. ఆ చెంబు పడ్డప్పుడు వంటింట్లో అందరూ తనకేసి చూశారు, ఆమె చెంబుకేసి చూసింది. తనకు కోపమే వచ్చింది, భయం రాలేదు. తల్లి పోతే ఏడుస్తూనే ఊరందరికీ వండిన చెయ్యి ఇది, ఈ పట్నం వచ్చిన కొత్తలో తార్నాకలో కట్టే ఇళ్ళకి ఇటుకలు మోసిన చెయ్యి, ఇప్పుడు చెంబెడు పాలు మొయ్యనంటుందా. దానితోనే ఇంకా గట్టిగా పిసికింది, ఇంకా గట్టిగా రుబ్బింది. మొండి పిల్లకి దెబ్బలు వేసినట్టు. అదే తప్పని డాక్టరమ్మ తర్వాత చెప్పింది గానీ, అప్పుడు ఎవరికి తెలుసు, దానికి లోపల ఏమవుతోందో.

పెనం సంగతి జరిగింది ఆగస్టు మొదట్లో. చపాతీ తిప్పుతోంది. పక్కన రొట్టెలు ఒత్తుతున్న సమ్మక్క ఒక్కసారి కేక పెట్టింది: "అక్కా, చెయ్యి! చెయ్యి గాలుతున్నది!" చూసుకుంటే చూపుడు వేలి కొస పెనం అంచుకి ఆనుకుని ఉంది, చర్మం తెల్లగా ఉబ్బి, వాసన కూడా వస్తోంది. నొప్పి లేదు. వేలు తీసి నోట్లో పెట్టుకుంది, అలవాటు కొద్దీ. అందరి మొహాలూ మారిపోవడం అప్పుడు చూసింది. కాలినందుకు కాదు, కాలినా తెలియనందుకు. మెస్సు మేనేజరు ఉమాపతి పప్పుల కొట్టులోంచి బయటికి వచ్చి వేలు చూపించమన్నాడు. మూడడుగుల దూరంనుంచి చూశాడు. నుదుటి మీద చెమట తుడుచుకుని, గొంతు తగ్గించకుండానే అన్నాడు: "మొద్దువారింది. కాల్తే ఎరుక లేదు. ఇది పెద్దరోగమే. మా ఊర్ల ఇట్లనే మొదలైంది ఒకామెకు." పెద్దరోగం, కుష్ఠు. ఆ మాట అంత తేలిగ్గా, గోధుమలు తక్కువ వచ్చాయన్నట్టు అన్నాడు. ఆయన నాలుక మీదనుంచి జారి నేల మీద పడ్డ ఆ మాటని ఎవ్వరూ ఎత్తి పారెయ్యలేదు. సమ్మక్క పీట కాస్త పక్కకి జరుపుకుంది. జానెడే జరిపింది. ఆ జానెడు దూరం అమృతమ్మ ఇప్పటికీ కొలిచి చూపించగలదు.

సాయంత్రానికి ఆ మాట ఆమె కంటే ముందే ఆమె ఉండే మాణికేశ్వర్ నగర్ బస్తీకి చేరింది. కుళాయి దగ్గర ఆమె బిందె వంతు వచ్చేసరికి వెనకున్న ఆడవాళ్ళు మాట్లాడటం మానేశారు. ఆమె బిందె నింపుకుని తీశాక, తర్వాతి మనిషి కుళాయి మూతిని మూడుసార్లు కడిగింది. ఇంట్లో మొగుడు బుచ్చిరాములు, సీతాఫల్‌మండి గూడ్సు షెడ్డులో బస్తాలు మోసి వచ్చిన మనిషి, కంచం ముందు కూర్చుని, ఆమె అన్నం పెట్టబోతే గరిటె తనే అందుకున్నాడు. "నేనే పెట్టుకుంట తియ్యి. నీకెందుకు తక్లీఫు." ఇరవై రెండేళ్ళ కాపురంలో ఎన్నడూ లేని మర్యాద అది. ఆమెకి ఏడుపు రాలేదు. గరిటె మళ్ళీ తను లాక్కుని, ఆయన కంచంలోనే తనకి కూడా పెట్టుకుని, ఆయన ఎదురుగా కూర్చుని ఆ కంచంలోంచే తిన్నది. "ఇష్టముంటే తిను, లేకుంటే లే," అన్నది. ఆయన చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత ఒక ముద్ద తిన్నాడు, కళ్ళు మూసుకుని, మందు మింగినట్టు. ఆ ఒక్క ముద్దకి ఆమె ఆయన్ని సగం క్షమించింది. మిగతా సగం ఇవాళ పొద్దున క్షమించింది, "నేను గూడ రానా" అని చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డప్పుడు. వద్దన్నది. చెయ్యి నాది, నేనే పోత అన్నది.

మర్నాడు పనికి పోతే ఉమాపతి వెనక గేటు దగ్గరే ఆపాడు. చేతిలో కాగితం, సిరా పెట్టె. చదివి వినిపించాడు, ఆరోగ్యం బాగాలేనందున నా ఇష్టంతో పని మానుకుంటున్నాను అని. వేలిముద్ర వెయ్యమన్నాడు. "నీ మంచికే జెప్తున్న, అమృతమ్మా. రిపోర్టు రాస్తే డాక్టర్లొచ్చి ఎక్కడికో పట్కపోతరు. ఇట్లయితే ఎవ్వరికి తెల్వదు." ఎవ్వరికీ తెలియకపోవడానికి ఇంకా ఎవరు మిగిలారు? ఆమె కాగితం వైపు చూసింది. తన ఇష్టమట. తన ఇష్టం తనకి తెలియకుండా ఇంకొకరు కాగితం మీద రాసుకొచ్చారు. "నా ఇష్టం నేను జెప్పలే గద సారు," అన్నది. "నాకు రోగమని నువ్వంటున్నవు. ఏ డాక్టరు అన్నడు?" ఆయన సిరా పెట్టె తెరిచి ముందుకి జరిపాడు. ఆమె ఎడమచేత్తో దాని మూత వేసేసి వచ్చేసింది. యూనివర్సిటీ దవాఖానాలో కాంపౌండరు కాలిన వేలికి మందు రాశాడు గానీ, మొద్దుబారడం గురించి చెప్తే ఒంట్లో వాయువని ఎర్ర మాత్రలు పొట్లం కట్టి ఇచ్చాడు. ఒకడు పెద్దరోగమన్నాడు, ఒకడు వాయువన్నాడు, ఇద్దరిలో ఒక్కడూ చెయ్యి పట్టుకుని చూడలేదు. ఆ సంగతి దారిలో, రైలు గేటు పడి ఆగినప్పుడు తట్టింది. ఎవ్వరూ పట్టుకుని చూడలేదు. చూసేవాళ్ళ దగ్గరికి పోవాలి.

అలా తార్నాక డాక్టరమ్మ గుర్తొచ్చింది. మరియమ్మ గారు. ఎక్కడో బాపట్ల దగ్గరి మనిషి. మిషను ఆసుపత్రుల్లో ముప్పయ్యేళ్ళు చేసి, ఆ కొలువు మానుకుని తార్నాకలో ఇంటి ముందు గదిలో బల్ల వేసుకుని కూర్చుంది. అరవై దాటాయి, జుట్టు మొత్తం తెలుపు, గొంతు మాత్రం బడి పంతులమ్మది. అమృతమ్మ గుమ్మం బయటే నిలబడి, లోపలికి రావచ్చో లేదో ముందే అడిగింది: "అమ్మా, నాకు పెద్దరోగమని అంటున్నరు. లోపటికి రావాల్నా, ఈడనే ఉండాల్నా?" డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఎవరన్నారు?" "మేనేజరు." "ఆయన ఏం చదివాడు?" అమృతమ్మ నవ్వింది. మూడు రోజుల్లో మొదటి నవ్వు. "రా, కూర్చో. పెద్దరోగం వాళ్ళ మధ్యే పదకొండేళ్ళు పనిచేశాను. అది నీకు ఉంటే ఉందని చెప్తాను, దాచను. దానికి మందుంది. లేకపోతే లేదని చెప్తాను. ముందు చెయ్యి ఇటివ్వు." ఇచ్చింది. డాక్టరమ్మ ఆ చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుంది, చేతికి గుడ్డ చుట్టుకోకుండా, తీసుకునే ముందు ఆగకుండా. ఆ చేతుల వెచ్చదనం చిటికెన వేలి వైపు తెలిసింది, బొటనవేలి వైపు తెలియలేదు. తెలిసినవైపే చాలనిపించింది.

ఎన్ని ప్రశ్నలు అడిగిందో. ఏ వేలు ముందు మొద్దుబారింది, నిద్రలో మెలకువ వస్తుందా, వస్తే ఏం చేస్తావు. విదిలిస్తానమ్మా అంటే, ఎలా విదిలిస్తావో చూపించు అంది, చూపిస్తే ఏదో తెలిసినదాన్ని దారిలో కలిసినట్టు తల ఊపింది. ఒంటి మీద ఎక్కడైనా మచ్చ ఉందేమోనని వీపు, చేతులు, తొడలు అన్నీ వెలుతురులో చూసింది. మోచేతి వెనక వేలు పెట్టి నరాన్ని తడిమింది, పెద్దరోగంలో అది తాడులా లావెక్కుతుందట, నీది మామూలుగానే ఉంది అంది. చెవి తమ్మె దగ్గరా ఇంకో రెండు చోట్లా సన్నగా గాటు పెట్టి, కారిన తడిని గాజు పలక మీద రాసి పక్కన పెట్టింది, రంగులు వేసి మైక్రోస్కోపు కింద చూడాలి, ఎల్లుండి రా అంది. అక్కడితో అయిపోయిందనుకుంటే అప్పుడే మొదలైంది. మణికట్టు మధ్యలో వేలితో టకటకా కొట్టింది, కరెంటు తీగ ముట్టుకున్నట్టు వేళ్ళ చివరలదాకా జివ్వుమంది. రెండు మణికట్లూ కిందికి మడిచి చేతుల వెనకలు ఆనించి ఒక నిమిషం పట్టుకోమని గోడ గడియారం చూసింది. సగం నిమిషం కాకముందే కుడిచేతి మూడు వేళ్ళూ నిప్పుల్లో పెట్టినట్టయ్యాయి, ఎడమచేతికి ఏమీ కాలేదు. "దక్షిణాన పెద్ద ఆసుపత్రుల్లో నరంలో కరెంటు ఎంత వేగంగా పోతుందో కొలిచే యంత్రాలు వచ్చాయమ్మా. నాకు మాత్రం ఈ నిమిషమే యంత్రం," అంది డాక్టరమ్మ.

తర్వాత వంటింటికి పోయి మూడు గిన్నెలతో వచ్చింది. కళ్ళకి రుమాలు కట్టి, అరచేతిలో గింజలు పోసి, వేళ్ళతో నలిపి ఏమిటో చెప్పమంది. కందిపప్పు, పెసరపప్పు, శెనగపప్పు. ఈమెకి! చీకట్లో, పొగలో, నిద్రలో కూడా పప్పుని ముట్టి పేరు చెప్పగలిగే మనిషికి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నలిపింది. ఇసుక. అన్నీ ఇసుకే. ఆ క్షణం మాత్రం భయమేసింది, పెనం దగ్గర కూడా వెయ్యని భయం, తన పన్నెండేళ్ళూ తన వేళ్ళలోంచి కారిపోయినట్టు. "ఇప్పుడు చిటికెన వేలితో," అంది డాక్టరమ్మ. చిటికెన వేలితో అరచేతి అంచుకి ఒత్తి చూసింది. కంది. పెసర. శెనగ. మూడూ సరిగ్గా. "మంచిది," అంది డాక్టరమ్మ, "పెద్దరోగమైతే చాలామందికి ముందు పోయేది ఆ చిటికెన వేలే. నీకు దాన్ని ఏ జబ్బూ ముట్టుకోలేదు." ఇక చివరగా గుండుసూది తీసింది. కళ్ళకి రుమాలు ఉంచే, ఒకసారి మొనతో, ఒకసారి బుడిపెతో తాకుతుంది, మొనో బుడిపో చెప్పాలి. తెలియకపోతే తెలియదనాలి. ఒక్కో వేలూ అయ్యాక రుమాలు విప్పి చూపించింది. మొన తెలిసిన చోట ఎర్రసిరా చుక్క, తెలియని చోట నీలం చుక్క. బొటనవేలు నీలం, చూపుడు నీలం, మధ్య వేలు నీలం, చిటికెన వేలు ఎరుపు. ఉంగరం వేలు మాత్రం నిలువునా సగం ఎరుపు, సగం నీలం, మధ్యలో గీత గీసినట్టు.

"చూశావా," అంది డాక్టరమ్మ, సంతోషంగా, తప్పిపోయిన వస్తువు దొరికినట్టు. "చేతికి రెండు నరాలు రెండు దార్లలో వస్తాయి. ఒకటి మణికట్టు మధ్యలో, ఎముకలకీ పైనున్న గట్టి పట్టీకీ నడుమ ఇరుకు సందులోంచి. ఇంకోటి ఆ సందులోకి రాకుండా పక్కనుంచి. ఉంగరం వేలిని రెండూ సగం సగం పంచుకున్నాయి. నీ సందు వాచింది, లోపలి నరం నలుగుతోంది. పిసికీ రుబ్బీ వాచింది. ఈ గీత దేవుడు గీశాడు, నువ్వూ నేనూ గీసింది కాదు. దొంగజబ్బు చెప్పేవాళ్ళు చెయ్యంతా మొద్దంటారు, లేకపోతే వేలంతా మొద్దంటారు. సగం వేలని ఎవరికీ తోచదు." సీతాఫల్‌మండి దగ్గర రైలుకట్ట కింద తూము ఉంటుంది, మనుషులూ బర్రెలూ సైకిళ్ళూ ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ పోయే తూము. వానొచ్చి మట్టి పేరుకుంటే అవతలి బస్తీకి ఇవతలి సంగతి చేరదు. నా చేతిలో అదన్నమాట, అనుకుంది. రెండు రోజులాగి పోతే, గాజు పలకల మీద రోగం క్రిమి ఒక్కటీ కనబడలేదని డాక్టరమ్మ చెప్పింది. మణికట్టు వంగకుండా బద్ద కట్టుకుని పడుకో, నెమ్మదించకపోతే చిన్న కోత పెట్టి ఆ పట్టీని విడదీస్తారు, నాకు తెలిసిన సర్జనున్నాడు అంది. ఇది పెద్దరోగం కాదనీ, ఆ సగం వేలి సంగతీ ఇంగ్లీషులో ఉత్తరం రాసింది. "నేను కూడా వచ్చి మీ వార్డెనుతో మాట్లాడతాను." అమృతమ్మ ఆలోచించింది. "వద్దమ్మా. మీరొస్తే మీ మాట నమ్ముతరు. నా చెయ్యిని నమ్మాలె."

ఆ రోజు అన్నప్పుడు ఎంత ధైర్యంగా అన్నదో. ఇప్పుడు మెట్టు మీద గంట కూర్చున్నాక, అనాల్సిన మాటలు మళ్ళీ మొదటినుంచి వల్లించుకుంటోంది. ఆర్ట్స్ కాలేజీ వైపునుంచి పిల్లలు గుంపులుగా వస్తున్నారు, ఎవరో ఇద్దరు తనని గుర్తుపట్టి ఆగారు, మళ్ళీ కదిలారు. వాళ్ళకి తెలుసా? తెలిసే ఉంటుంది. తన చేతి చపాతీలు తిని పరీక్షలు రాసినవాళ్ళు, మూడేళ్ళుగా తింటున్న ఆ పొడుగు పిల్లాడు, వాళ్ళూ తమ వేళ్ళు చూసుకుని ఉంటారు ఒకసారి. భయపడ్డవాళ్ళ మీద కోపం లేదు. భయాన్ని పుట్టించి, దాన్ని కాగితం మీదికెక్కించి, తన వేలితో తన మీదే ముద్ర వేయించుకోవాలని చూసినవాడి మీదే ఉంది. ఆ కోపాన్ని ఒలకనివ్వకుండా లోపలికి మోసుకుపోవాలి.

"అమృతమ్మా, లోపటికి రమ్మంటున్నరు," అన్నాడు వీరస్వామి.

వార్డెన్ సుందరరావు గారు ఫిజిక్సు ప్రొఫెసరు, బక్కపలుచని మనిషి. ఉత్తరం చదివి పక్కన పెట్టి మళ్ళీ తీసి చదివాడు. ఉమాపతి బల్లకి ఒక చివర నిలబడి ఉన్నాడు. "ఉత్తరం స్పష్టంగానే ఉంది," అన్నాడు వార్డెన్. ఉమాపతి గొంతు సవరించుకున్నాడు. "సార్, చిట్టీలు ఎవ్వరన్న తెచ్చుకుంటరు. ప్రైవేట్ డాక్టరమ్మ, జాలి పడి రాసిచ్చి ఉంటది. రేపు పిల్లల తల్లిదండ్రులు అడిగితే మనమేం జెప్తం? మూడు వందల మంది తింటరు." వార్డెన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకి కూడా ఎటూ తోచడం లేదని ఆమెకి అర్థమైంది. ఎటూ తోచని మనిషి చివరికి ఎటు ఒరుగుతాడో పన్నెండేళ్ళుగా చూసింది. అటు ఒరగకముందే మాట్లాడాలి.

"సారు, మీరు పిల్లలకు సైన్సు చెప్తరట గద. మీ బల్ల మీద గుండుసూదులు ఉన్నయి, ఎర్రసిరా ఉన్నది, నీలం సిరా ఉన్నది. నా కండ్లకు గుడ్డ గట్టున్రి. మీరే పొడిచి చూడున్రి."

వార్డెన్ నవ్వబోయి ఆగాడు. ఎలా చెయ్యాలో చెప్పమన్నాడు. చెప్పింది, మొన, బుడిపె, ఎరుపు, నీలం. వీరస్వామి తువ్వాలు తెచ్చి కళ్ళకి కట్టాడు, బల్ల మీద ఒక పేపరు పరిచిన చప్పుడు, దాని మీద చెయ్యి పెట్టమన్నారు. మొదట సూది దూరంనుంచి భయంభయంగా తాకింది. తన చేతిని పట్టుకోకుండా ఏదో పెన్సిలుతో వేళ్ళు విడదీస్తున్నాడని తెలిసింది. ఓర్చుకుంది. పెన్సిలుతోనే కానీ. మొన. తెల్వది. తెల్వది. బుడిపె. తెల్వది. ఎంతసేపో. చివరికి చిటికెన వేలికి వెచ్చగా ఏదో తగిలింది, వార్డెను చెయ్యి. సూది సరిగ్గా పట్టాలన్న ధ్యాసలో పెన్సిలు సంగతి మర్చిపోయి తన చేతిని పట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది ఆమెకి, ఈ మనిషి ఇక భయపడటం లేదు, వెతుకుతున్నాడు.

గుడ్డ విప్పారు. ఉంగరం వేలి మధ్యలో అదే గీత. "సగం వేలు," అన్నాడు వార్డెన్ తనలో తను. "డాక్టరమ్మ నేర్పిచ్చి పంపింది సార్," అన్నాడు ఉమాపతి. వార్డెన్ చుక్కలన్నీ తడిగుడ్డతో తుడిచేసి, గుడ్డ మళ్ళీ కట్టించి, ఈసారి ఉంగరం వేలిమీదే దగ్గర దగ్గరగా, ఎడాపెడా, మధ్యమధ్య అసలు తాకకుండా ఊరికే అడుగుతూ చేశాడు. రెండోసారి కూడా గీత అక్కడే పడింది, జొన్నగింజ వెడల్పు కూడా అటూ ఇటూ కాకుండా.

"నేర్పిచ్చింది అంటున్నడు గద సారు," అన్నది అమృతమ్మ, గుడ్డ తనే విప్పుకుంటూ. "అయితే ఆయనకు గూడ నేర్పుదం. కండ్లకు కట్టి, సగం వేలు మొద్దని జెప్పమనున్రి. ఎక్కడ సగమో చూద్దం."

"నాకెందుకు సార్," అన్నాడు ఉమాపతి. వార్డెన్ అప్పటికే కుర్చీ చూపించాడు. ఉమాపతి కూర్చున్నాడు. చెయ్యి పెట్టాడు. సూది తాకిన ప్రతిసారీ ఆలోచించి చెప్పాడు, మొన అని, తెల్వదని, మళ్ళీ తెల్వదని, మధ్యలో ఒకసారి అబ్బా అని కూడా. విప్పి చూస్తే ఆయన వేలి మీద ఎరుపూ నీలమూ కలగాపులగంగా, దద్దుర్లు లేచినట్టు ఉన్నాయి. ఎక్కడా గీత లేదు. వీరస్వామి గుమ్మం దగ్గర దగ్గుతున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వార్డెన్ రెండు చేతుల్నీ పక్కపక్కన చాలాసేపు చూశాడు. "ఇది నేర్పితే వచ్చేది కాదు, ఉమాపతీ. కళ్ళు కట్టుకుని రెండుసార్లు ఒకే గీత మీద నడవడం అబద్ధానికి చేతకాదు. ఈ ఉత్తరంలో ఉన్నదంతా నేను నమ్ముతున్నాను." తర్వాత ఆమె వైపు తిరిగి, ఆపరేషనుకి సెలవు ఇస్తాననీ, నయమయ్యాక పిండి పని కాకుండా వంట చూసుకునే పని ఇస్తాననీ, రేపటినుంచే రావచ్చనీ అన్నాడు.

ఇంతే కదా తను అడగడానికి వచ్చింది. దొరికింది. దణ్ణం పెట్టి లేచిపోవచ్చు. కుళాయి దగ్గర బిందెలు, జానెడు జరిగిన పీట, కళ్ళు మూసుకుని మింగిన ముద్ద, అవన్నీ ఎక్కడికి పోతాయి మరి? రేపు వంటింట్లోకి పోతే వాళ్ళు తన చేతిని చూస్తారా, ఉత్తరాన్ని చూస్తారా? చెవుల్లో పడ్డ మాట చెవుల్లోనే ఉంటుంది, ఇంకో మాట వచ్చి దాన్ని తోసేస్తే తప్ప.

"రేపటి సంగతి మంచిదే సారు," అన్నది, లేవకుండా. "ఈ పొద్దటి సంగతి ఉన్నది. నాకు పెద్దరోగమని ఈ సారు అందరి ముంగట అన్నడు. కాదని గూడ అందరి ముంగటనే అనాలె."

"నోటీసు పెట్టిస్తాను, నా సంతకంతో," అన్నాడు వార్డెన్.

"మా వంటింట్ల నోటీసు చదివెటోళ్ళు ఎవరున్నరు సారు? ఆయన నోటితోని అన్నడు. నోటితోనే అనాలె."

ఉమాపతి మొహం కందిపోయింది. "సార్, నేను పిల్లల మంచి కోసమే..." అని మొదలుపెట్టాడు. వార్డెన్ గడియారం చూశాడు. భోజనాల గంట కొట్టే వేళైంది. "పదండి," అన్నాడు లేచి.

భోజనాల హాల్లో అప్పటికే సగం బెంచీలు నిండాయి. వంటింటి గుమ్మంలో సమ్మక్క, కూరలు తరిగే పోచయ్య, గిన్నెలు తోమే ఆడవాళ్ళు, అందరూ వచ్చి నిలబడ్డారు. అమృతమ్మ గడప ఇవతల, వాళ్ళకి ఎదురుగా నిలబడింది. వార్డెన్ చేత్తో సైగ చేశాడు. పిల్లల గోల తగ్గింది. ఉమాపతి నేల చూస్తూ, చపాతీల బుట్టకి చెప్తున్నట్టు, అమృతమ్మకి పెద్దరోగం లేదని, తను తొందరపడి అన్నానని, డాక్టర్లు చూశారని, చేతి నరం నొక్కుకుపోయిందంతేనని, ఒక్క ఊపిరిలో గొణిగాడు. గొణిగి పక్కకి తిరిగాడు. సమ్మక్క కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, ఒక అడుగు ముందుకి వేసింది. వార్డెన్ తల పంకించాడు, అయిపోయిందన్నట్టు.

అమృతమ్మ కదల్లేదు.

"మళ్ళొకసారి చెప్పున్రి సారు," అన్నది. "వెనకున్నోళ్ళకు ఇనవడలే."